పద్నాలుగో హాలు

మే 6, మంగళవారం

నా నోరు మూయించడానికి కోడలు ఇవాళ ఒక కంప్యూటరు ఇచ్చింది. తన పాతది. మూత దగ్గర విరిగితే టేపు వేసుకుంది.

తప్పు ఆమెది కాదు. లైబ్రరీ కొత్త భవనానికి మారుతోంది. ఆ పనంతా ఆమె నెత్తిన పెట్టారు. భోజనం దగ్గర నేను రోజూ అడుగుతాను: పత్రికల గది కదిలిందా, నిఘంటువులు ఎవరు మోస్తున్నారు, కార్డుల బీరువాలు ఎక్కడ పెడుతున్నారు. ఇవాళ మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టి, "మామయ్యా, రోజూ నన్నడిగే బదులు మీరే చూసుకోండి. అన్నీ షీట్లో ఉన్నాయి" అంది.

"చూడు నాన్నా, నీకు నచ్చుతుంది" అన్నాడు మా వాడు. లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు వాడు. మాటలు కూడా పైకీ కిందికీ తూచి పంపిస్తాడు. ఈ నెలలో నాతో అన్న పొడుగు వాక్యం ఇదే.

నా ఉద్యోగమంతా ఆ లైబ్రరీలోనే గడిచింది. కేటలాగులో ప్రతి కార్డూ నా చేత్తో రాసింది. ఇప్పుడు నాకు దాన్ని గళ్ళలో పెట్టి చూపిస్తారట.

చూస్తాను. కోడలి కోసం. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. జూలై ఒకటిన కొత్త భవనం తెరిచేనాటికి షీట్లో ప్రతి పనీ పూర్తయితే పర్మనెంటు చేస్తామన్నారు. ఒక్కటి మిగిలినా ఆ రోజుతో ఇంటికే. షరతు పెట్టింది ట్రస్టు అధ్యక్షుడు, రిటైరైన జడ్జి గారు. ఆయన షరతులు సడలించే మనిషి కాదు.

మే 7

గళ్ళు. అడ్డంగా గళ్ళు, నిలువుగా గళ్ళు. చదువుకోవడానికి ఒక్క వాక్యం లేదు. మూసేశాను.

మే 7, మళ్ళీ

పై వరస కదలదు! కింద వందల వరసలు జారిపోతున్నా ఆ ఒక్కటీ నెత్తిమీద కూర్చునే ఉంటుంది. పని, హాలు, బాధ్యత, గడువు, స్థితి, కారణం, ఆమోదం. చరిత్రలో రాజులందరూ కోరుకున్నది ఇదే. ఒక్కరికీ కుదరలేదు. దీన్ని ఎలా చేస్తారో అడగాలి. కోడల్ని కాదు, మా వాణ్ణి.

మే 9

స్థితి అనే గడిలో నాలుగే మాటలు రాయనిస్తుంది. మొదలుపెట్టలేదు, జరుగుతోంది, ఆగింది, పూర్తి. తెలుపు, పసుపు, ఎరుపు, ఆకుపచ్చ. ఐదో మాటకి చోటు లేదు. పొద్దుటినుంచి నాకు తెలిసిన మనుషులందరినీ ఈ నాలుగింట్లో పెట్టి చూశాను. అందరూ పట్టారు. వేదాంత గ్రంథాలు ఇంతకన్నా ఎక్కువేం చెప్పాయో గుర్తు రావడం లేదు.

"ఆగింది" అన్నవే చదవడానికి బాగున్నాయి. పక్కన కారణం ఉంటుంది. "లిఫ్టు రాలేదు." "చెదలు మందు వాసన తగ్గాలి." "అలమర తలుపు కన్నా వెడల్పు." ఈ చివరిదాని మీద చాలాసేపు ఆలోచించాను. లోపల కట్టిన అలమర అది. గది పుట్టాక పుట్టింది. బయటికి రావాలంటే గదైనా చావాలి, అదైనా చావాలి.

ఇంకో సంగతి. బాధ్యత అనే నిలువు వరస పైనుంచి కిందిదాకా చూశాను. బైండరు ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, డ్రైవరు ఉన్నాడు, కోడలు అయితే ప్రతి మూడో గడిలో ఉంది. పచ్చసిరా ఎక్కడా లేడు.

ఆమోదం అనే వరసలో మాత్రం అన్ని గళ్ళలోనూ అతనే.

డైరెక్టరు పదవి వచ్చిన రోజే ఆకుపచ్చ సిరా సీసా కొనుక్కున్నాడు. అందుకే ఆ పేరు పెట్టాను. నా కింద పనిచేసినవాడు. నా కుర్చీ మీదుగా నడిచి పైకి వెళ్ళాడు. పని చేసేది ఒకరు, ఆమోదించేది అతను. నేను ఏళ్ళ తరబడి చెబుతున్న మాటని ఈ గళ్ళు ఒక్క చూపులో చూపించాయి. ఈ వస్తువు మీద గౌరవం పెరుగుతోంది.

మే 12

కోడలు వరండాలో ఫోన్లో మాట్లాడుతోంది. స్పీకరు పెట్టి. అవతల బైండరు.

"అమ్మా, షీట్లోకి రోజూ ఓ జంతువొస్తోంది."

"ఏం జంతువు?"

"నిన్న తోడేలు. ఇవాళ తాబేలు. పొద్దున్నే వచ్చి కూర్చుంటుంది. ఏం రాయదు, ఏం చెరపదు. ఊరికే చూస్తా ఉంటుంది. మాకు చేతులాడట్లేదు."

"పోనీ లెండి, కరవదు" అంది కోడలు.

మా వాణ్ణి అడిగితే తెలిసింది. పేరు నమోదు చేసుకోకుండా చూసేవాళ్ళకి ఆ యంత్రం తనకి తోచిన జంతువు పేరు పెడుతుందట. పైన మూల చిన్న బొమ్మగా అందరికీ కనిపిస్తుందట.

తోడేలు సరే. తాబేలేమిటి?

మే 13

వడ్రంగి వచ్చి నా గదిలో ఇంకో అర బిగించి వెళ్ళాడు. మేడమెట్లు ఇరుకని, పలక తిప్పడానికి చోటు లేదని ఒకటే గొణుగుడు. నేలమీద పేర్చినవాటిలో సగం సర్దుకున్నాయి. మిగతా సగం మంచం కిందే.

ఇవాళ ముంగిస.

మే 15

షీట్లో శాతం అనే గడి కూడా ఉంది. ఏ పనైనా తొంభై దాకా గుర్రంలా పరుగెత్తుతుంది. తొంభై తొమ్మిది దగ్గర కాపురం పెడుతుంది. పత్రికల గది వారం నుంచీ తొంభై తొమ్మిది. ఆ మిగిలిన ఒకటి ఏమిటని కోడల్ని అడిగాను.

"ఒక కుర్చీ మామయ్యా. అందులో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. చదవడం అయ్యాక లేస్తానన్నారు."

"లేపండి."

"లేపలేం. ఆయన చదివేది విజ్ఞాన సర్వస్వం. ఇంకా మూడో సంపుటంలో ఉన్నారు."

చాలా రోజుల తర్వాత నవ్వాను. ఆమె కూడా నవ్వింది. తర్వాత ఏదో అడగబోయినట్టు నా వైపు చూసి, కంచాలు తీసుకుని వెళ్ళిపోయింది.

మే 19

ఫిల్టరు అనే సదుపాయం ఉంది. "ఆగింది" అని అడిగితే ఆగినవే మిగులుతాయి, తక్కినవన్నీ మాయం. బుర్రలో ఇలాంటిది ఒకటి ఉంటే నా జీవితం ఇంకోలా ఉండేది.

ఆగినవాటిని చూస్తున్నాను. చివరి వరస: "హాలు 14."

ఆ భవనంలో హాళ్ళు పదమూడు.

మళ్ళీ లెక్కపెట్టాను, కళ్ళు మూసుకుని, వీధి తలుపు దగ్గర మొదలుపెట్టి. పత్రికలు, నిఘంటువులు, చరిత్ర, న్యాయం, పిల్లలవి, పైకెక్కితే శాస్త్రాలు... నేలమాళిగతో కలిపి పదమూడు. ఆ భవనంలో నాకు తెలియని గోడ లేదు.

మే 20

ఆ వరసని కాపీ చేసుకున్నాను:

హాలు 14. పుస్తకాలు సుమారు వెయ్యి. వాహనం చిన్నది చాలు. మెట్లు ఇరుకు. బాధ్యత: కోడలు. స్థితి: ఆగింది. కారణం: ఖాళీ.

షీటు మొత్తంలో కారణం రాయని ఎర్ర గడి ఇదొక్కటే.

భోజనం దగ్గర మామూలుగా అడిగినట్టు అడిగాను. "హాలు పద్నాలుగు ఎక్కడుందమ్మాయ్?"

చెయ్యి ఆగింది. "ఉంది మామయ్యా."

"ఉంటే ఎక్కడుంది అని."

"చూడండి. మీకే కనిపిస్తుంది."

మా వాడికి పొలమారింది. నెత్తిమీద తట్టి నీళ్ళు ఇచ్చింది. ఇద్దరూ నాకేసి చూడలేదు. పచ్చసిరా ఈ పిల్ల చేత ఏదో దాయిస్తున్నాడు.

మే 23

మా వాడు నాకు సొంతంగా ఒక షీటు తెరిచి పెట్టాడు. "ఏం రాసుకుంటావు నాన్నా?" అన్నాడు. "చదివిన పుస్తకాలు" అన్నాను.

రాసింది వేరు. పై వరస: ఎవరు, ఏం చేశారు, నేను చెయ్యవలసింది, గడువు, స్థితి. పై వరసని కదలకుండా బిగించాను. ఆ విద్య వచ్చేసింది.

పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా ఎక్కించాను. నా వ్యాసాన్ని తన పేరుతో అచ్చేసుకున్న ప్రొఫెసరు. నా పదవీ విరమణ సభలో నా పేరు తప్పు చదివిన మంత్రి. పెళ్ళిలో నన్ను పక్క వరసలో కూర్చోబెట్టిన బావమరిది. పచ్చసిరాకి నాలుగు వరసలు పట్టాయి.

స్థితి అన్నింటికీ ఒకటే: మొదలుపెట్టలేదు. జీవితమంతా పగతో కాగిపోయానని అనుకుంటూ వచ్చాను. షీటు చూస్తే ఒక్క పనీ ముట్టుకోలేదు. ఇంత బద్ధకస్తుణ్ణని నాకు తెలియదు.

తర్వాత ఇంకో నిలువు వరస చేర్చాను: ఉన్నారా. ఫిల్టరు పెట్టాను. ప్రొఫెసరు పోయాడు. మంత్రి పోయాడు. బావమరిదీ పోయాడు, మంచివాడు పాపం. తెర మీద ఒక్క మనిషి మిగిలాడు, నాలుగు వరసల్లో.

మే 26

అర్థమైపోయింది.

పచ్చసిరా హయాంలో పోయిన పుస్తకాలన్నీ ఎక్కడో ఒకచోట చూపించాలి. చూపించడానికి చోటు లేదు. అందుకని లేని హాలు ఒకటి కట్టి అందులో పెట్టాడు. ఇటుక అక్కర్లేదు, సున్నం అక్కర్లేదు. ఒక గడి చాలు. బాధ్యత గడిలో కోడలి పేరు వేశాడు. రేపు బయటపడితే పోయేది ఆమె ఉద్యోగం.

షీటు కింద ట్యాబుల్లో "హాలు 14 జాబితా" అని ఒకటి ఉంది. తెరవలేదు. దొంగ జాబితా చదివి కళ్ళు పాడుచేసుకోవడం దేనికి?

మే 27

జడ్జి గారికి ఉత్తరం రాశాను. ఒకటిన్నర పేజీ. లేని హాలు, అందులో వెయ్యి పుస్తకాలు, తాత్కాలిక ఉద్యోగిని ముందు నిలబెట్టి వెనక దాక్కున్న డైరెక్టరు. వాక్యాలు బాగా కుదిరాయి. ముఖ్యంగా రెండో పేరా.

సంతకం లేని ఉత్తరం పిరికివాడి పని. కాబట్టి సంతకం పెట్టాను: "ఒక పాఠకుడు." ఇందులో అబద్ధం ఏముంది?

మే 28

పోస్టు చేశాను. నా షీట్లో పచ్చసిరా మొదటి వరస పసుపు రంగుకి మారింది. జరుగుతోంది.

ఆ రంగు ఎంత బాగుంటుందో ఇన్నాళ్ళూ గమనించలేదు.

జూన్ 2

ఏమీ లేదు. ఇవాళ నీటిగుర్రం.

జూన్ 4

షీట్లో ఎవరూ కదలడం లేదు. మామూలుగా ఈ వేళకి రంగురంగుల గీతలు గళ్ళ మీద చీమల్లా తిరుగుతుంటాయి, ఒక్కో గీతా ఒక్కో మనిషి. ఇవాళ కోడలి గీత ఒక్కటే ఉంది. హాలు 14 గడి మీద. చాలాసేపు అక్కడే ఉంది. నేనూ కదల్లేదు. ఆ గదిలో ఆమె, ఈ గదిలో నేను, ఇద్దరం ఒకే గడిని చూస్తూ కూర్చున్నాం.

భోజనం సగంలో లేచింది.

పచ్చసిరా ఏదో అని ఉంటాడు.

జూన్ 5, పొద్దున

కోడలు ఆఫీసుకి వెళ్ళలేదు. మేడ మీదికొచ్చి నా గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు. రావడానికి చోటు లేదు కూడా.

"మామయ్యా, ఎల్లుండి శనివారం జడ్జి గారు హాలు పద్నాలుగు చూడ్డానికొస్తున్నారు."

"రానీ. మంచిదే. ఎక్కడికొస్తున్నారు?"

"ఇక్కడికి."

"ఇక్కడికెందుకు?"

ఆమె గదిని ఒకసారి చూసింది. కిటికీ దగ్గరివి, తలుపు వెనకవి, వడ్రంగి కొత్త అరలోవి, మంచం కిందివి. అన్నిటి మీదా లైబ్రరీ ముద్ర ఉంటుంది. ముద్ర వేసేది పుస్తకం మీదే కదా.

నా చేతిలో ఒక కాగితం పెట్టింది. నా ఉత్తరం. నకలు.

"ఇది నీకెవరిచ్చారు?"

"జడ్జి గారు డైరెక్టరు గారికిచ్చారు. ఆయన చూడగానే మడిచి నాకిచ్చారు."

"ఇది నేనెందుకు రాస్తాను?"

"మీ చేతిరాత మామయ్యా. లైబ్రరీలో ప్రతి కార్డు మీదా ఇదే రాత. ఊళ్ళో చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు." కాగితం మూల మీద వేలు పెట్టింది. "పైన ఎడం పక్క మూల వర్గీకరణ సంఖ్య కూడా వేశారు."

చూశాను. వేశాను. పరిపాలన, ఉపవిభాగం ఫిర్యాదులు, దశాంశం తర్వాత రెండు అంకెలు. సంఖ్య సరైనదే.

"నన్ను అడిగి ఉండొచ్చు కదా" అన్నాను.

"ఈ పుస్తకాల గురించి మా ఆయన ఓసారి అడిగారు కదా. గుర్తుందా? ఆ చలికాలమంతా మీరు మాతో మాట్లాడలేదు."

వెళ్ళిపోయింది.

జూన్ 5, మధ్యాహ్నం

జాబితా తెరిచాను.

చదవక్కర్లేదు. తల ఎత్తితే అవే ఎదురుగా ఉన్నాయి, అదే వరసలో. తెర మీద ఒకటి, గోడకి ఒకటి.

నేలమాళిగలోకి వాన నీళ్ళు దిగిన ఏడాది తెచ్చాను వీటిని. అప్పటి డైరెక్టరుకి నాలుగు ఉత్తరాలు రాశాను. ఆ కారుడు బాగుచేసే దిక్కు లేదు. తడిసి ముద్దయ్యే పుస్తకాన్ని ఇంటికి తీసుకొచ్చి ఆరబెట్టేవాణ్ణి ఏమంటారు? కాపాడాడు అంటారు.

జాబితా కింద కోడలు తన పని మెట్లు రాసుకుంది.

ఒకటి. మామయ్యకి లింకు ఇవ్వాలి. గడువు మే 6. పూర్తి.

రెండు. ఆయనే చూసుకునేదాకా ఆగాలి. గట్టిగా అడగకూడదు. జరుగుతోంది.

మూడు. ఖాళీ.

అంటే నోరు మూయించడానికి ఇవ్వలేదు. తెలుసుకోవాలన్న నా యావనే మెట్టుగా వేసుకుని నన్ను నడిపించింది. ప్రణాళికల పుస్తకాలు ఎన్ని చదివానో! మనిషి కుతూహలానికి గడువు వేసి, దాన్ని వరసలో పెట్టినవాళ్ళని చూడలేదు. కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకాలే ఇంకోటి వచ్చింది. ఈ పిల్ల బుర్ర ఎలా పనిచేస్తుందో చూడాలనిపించింది.

ఆ గడి మూల చిన్న త్రికోణం ఉంది. దాని మీద వేలు పెడితే వ్యాఖ్య తెరుచుకుంటుంది. పచ్చసిరా రాసింది, మార్చి నెలలో: "అవి పోలేదు, ఎక్కడున్నాయో నాకు తెలుసు. పోయినవాటిలో వెయ్యకండి. హాలు 14 అని రాయండి. ఆయన్ని ఎవరూ ఇబ్బంది పెట్టొద్దు."

ఈ దయ నా ఒంటికి పడదు.

జూన్ 6

పొద్దుటినుంచి సర్దుతున్నాను. మా వాడు సెలవు పెట్టాడు. అడగలేదు, వచ్చి మంచం జరిపాడు.

"ఇవి ఏ వరసలో పెట్టాలి నాన్నా?"

"వర్గం ప్రకారం. ఆ తర్వాత రచయిత."

"ఇది రెండు వర్గాల్లోకీ వస్తుందే?"

నిజమే. చిన్నప్పుడు వాడికి ఇలాంటివి తెలిసేవి కావు. లేదా నేను అడగలేదు.

తలుపు మీద అట్టముక్క కట్టాను. హాలు 14. దాచడానికి ఏముంది, చేతిరాత ఎలాగూ అందరికీ తెలుసు.

జూన్ 7, శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

జడ్జి గారు మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. వెనక పచ్చసిరా, పడితే పట్టుకోవడానికి చేతులు చాచి. ఆ వెనక కోడలు కంప్యూటరు గుండెకి అదుముకుని. గదిలో ఉన్నది ఒక్క కుర్చీ. జడ్జి గారు కూర్చున్నారు. మేం ముగ్గురం గోడకీ పుస్తకాలకీ మధ్య నిలబడ్డాం. పచ్చసిరా ముసలివాడయ్యాడు. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

జడ్జి గారు నా ఉత్తరం విప్పారు.

"హాలు పద్నాలుగు అనేదే లేదని ఒక పాఠకుడు రాశాడు. అది లేకపోతే ఈ అమ్మాయి నాకు అబద్ధపు షీటు చూపించినట్టు. అప్పుడు నేనేం చెయ్యాలో షరతులోనే ఉంది."

కోడలు నేలకేసి చూస్తోంది. పచ్చసిరా నోరు తెరవబోయాడు. అతన్ని మాట్లాడనిచ్చే ప్రశ్నే లేదు.

"ఆ పాఠకుడికి తెలియదండీ" అన్నాను. "హాలు ఉంది. మీరు కూర్చున్నది అందులోనే."

జడ్జి గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఆ పాఠకుడు భవనమంతా తనకి తెలుసంటున్నాడే."

"భవనం తెలుసు. ఇల్లు తెలియదు. ఇది నేలమాళిగకి అనుబంధం. వాన ఏడాది నుంచీ."

"ఉత్తరం మీద మీ అభిప్రాయం?"

"రాసినవాడు తొందరపాటు మనిషి. వాక్యాలు బాగున్నాయి. రెండో పేరా చాలా బాగుంది. ఆధారం ఒక్కటీ లేదు. పక్కనే జాబితా ఉంటే తెరిచి చూడలేదు. ఇలాంటివాళ్ళ మాట పట్టుకుని ఉద్యోగాలు తియ్యకూడదు."

"మీకు ఆయన తెలుసా?"

"ముఖపరిచయం."

పచ్చసిరా దగ్గాడు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

"నా సర్వీసులో" అన్నారు జడ్జి గారు, "ఫిర్యాది తనే వచ్చి తన ఫిర్యాదు కొట్టెయ్యమని వాదించడం చూశాను. తన శైలిని కూడా మెచ్చుకోవడం ఇదే మొదటిసారి. సరే. ఆ నీళ్ళ కారుడు బాగుచేసి ఎన్నేళ్ళయింది?"

దానికి నేను చెప్పిన జవాబు ఇక్కడ రాయక్కర్లేదు.

తర్వాత నేనే అన్నాను, "షీట్లో ఒక తప్పు మాత్రం ఉంది. బాధ్యత అన్న గడిలో కోడలి పేరుంది. అక్కడ నా పేరుండాలి. అమ్మాయ్, మార్చు."

ఆమె మార్చింది.

"ఎప్పటికి పూర్తి చేస్తారు?" అన్నారు జడ్జి గారు.

గడువు నేనే చెప్పాను. నా జీవితంలో ఇంకొకళ్ళు వేసిన గడువు తప్ప నాది నేను వేసుకోవడం ఇదే మొదలు.

జూన్ 8

నా షీట్లో పచ్చసిరా వరసల దగ్గర చాలాసేపు కూర్చున్నాను. పూర్తి అని పెడదామంటే మనసొప్పలేదు. తీసెయ్యడానికి అసలే ఒప్పలేదు. వరసని దాచే సదుపాయం ఒకటి ఉంది. దాచాను. దాచడం వేరు, చెరపడం వేరు. పక్క వరసల అంకెలు చూస్తే మధ్యలో ఏదో ఉందని తెలుస్తూనే ఉంటుంది.

జూన్ 17

హాలు 14 కదిలింది. మెట్ల మీద మనుషులు వరసగా నిలబడి పెట్టెలు చేతులు మార్చుకున్నారు. పై మెట్టు మీద మా వాడు, వాడి కింద బైండరు, ఆ కింద పచ్చసిరా.

"నువ్వెందుకోయ్, నడుం పట్టుకుంటుంది" అన్నాను.

"మీ పుస్తకాలు మొయ్యడం నాకు కొత్త కాదు గురువుగారూ."

బైండరు నన్ను ఎగాదిగా చూశాడు. "అయ్యా, ఆ తాబేలు మీరేనా?"

"తోడేలు కూడా."

గది ఖాళీ అయింది. గోడ రంగు ఇదని మర్చిపోయాను. మాట్లాడితే గొంతు తిరిగొస్తోంది. మా వాడు దగ్గి చూసుకుని నవ్వాడు.

శాతం గడి తొంభై తొమ్మిది దగ్గర ఆగింది. నాకు తెలుసు ఎందుకో. దిండు కింద ఒకటి ఉంది.

జూన్ 18

ఇచ్చేశాను. చివరి అధ్యాయం మిగిలి ఉంది. పోనీ.

వంద.

జూన్ 25

కోడలికి బోర్డులు రాసే ఆయన ఫోను.

"అమ్మా, అన్ని తలుపులకీ కొట్టేశాం. పద్నాలుగో బోర్డు మిగిలిపోయింది. దానికి తలుపు లేదు."

"పద్నాలుగో బోర్డు ఎవరు రాయమన్నారు?"

"మీ షీట్లో ఉందమ్మా. షీట్లో ఉన్నవన్నీ రాసేశాం."

పుస్తకాల సంగతీ అంతేనట. సర్దేవాళ్ళు వాటిని ఏ వర్గంలోనూ కలపలేదు. షీట్లో హాలు 14 అని ఉంది కాబట్టి హాలు 14 ఎక్కడా అని రోజంతా వెతికి, దొరక్క, రెండో అంతస్తు చివర కిటికీ పక్కన ఖాళీ చోటుంటే అక్కడే పేర్చేశారు. ఇప్పుడు షీట్లోంచి ఆ వరసని తీద్దామంటే దాని మీద ఆధారపడ్డ కూడికలన్నీ చెడిపోతాయని కోడలు దిగులుపడింది.

లేదని నేను ఫిర్యాదు చేసిన హాలు ఇప్పుడు నిజంగా ఉంది. ఒక గడిలో పుట్టి, పుస్తకాలు తెచ్చుకుని, బోర్డు రాయించుకుని, చోటు చూసుకుంది. సృష్టి గురించి చదివినవాటిలో ఇంత నమ్మదగిన కథ ఇంకోటి లేదు.

జూలై 1

తెరిచారు. ఉపన్యాసాలు. వినలేదు.

జూలై 3

కోడలికి పర్మనెంటు ఉత్తర్వు వచ్చింది. గుమ్మంలోంచే, "మామయ్యా!" అని అరిచింది. చేతికిచ్చింది. కింద ఆకుపచ్చ సంతకం. అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి, ఆ రాత ఎప్పుడూ అంతే. కానీ చదవగలిగాను.

"అమ్మాయ్, ఆ షీట్లో రాసే అనుమతి ఇస్తావా?"

"ఎందుకు?"

"పని ఉంది."

ఇచ్చింది. ఇప్పుడు పైన మూల జంతువు లేదు. నా పేరు మొదటి అక్షరం ఉంది.

జూలై 4

పొద్దున్నే వెళ్ళి చూశాను. హాలు 14. బోర్డుకి తలుపు లేదు కాబట్టి పై అరకి దారం కట్టి వేలాడదీశారు. కింద కుర్చీ వేశారు. పత్రికల గదిలో పెద్దాయనది కాదు, వేరేది. నాలుగో సంపుటం చేతిలో పెట్టుకుని ఆయనే వచ్చి అందులో కూర్చున్నాడు. ఇంకో కుర్చీ తెప్పించుకున్నాను.

కిటికీ పడమర వైపు. మధ్యాహ్నం ఎండ నేరుగా పుస్తకాల వెన్నుల మీద పడుతోంది. వాన నుంచి కాపాడినవాటిని ఎండకి ఇచ్చారు. ఎవరి తెలివో!

ఇంటికొచ్చి షీటు తెరిచాను. చివర కొత్త వరస చేర్చాను. ఉత్తర్వు చేతికొచ్చాకే చేర్చాను. ప్రణాళిక నాకూ తెలుసు.

పని: పడమటి కిటికీకి మందపాటి తెరలు. హాలు: 14. స్థితి: మొదలుపెట్టలేదు.

బాధ్యత అన్న గడిలో, పై నుంచి కింది దాకా ఆ వరసలో మొదటిసారి, ఒక్కో అక్షరమే నొక్కుతూ రాశాను: డైరెక్టరు.

ఆమోదం గడిలో నా పేరు వేసుకున్నాను.

అక్కడే కూర్చున్నాను. టీ చల్లారింది. ఒక గీత ఎక్కడినుంచో వచ్చి మెల్లగా కిందికి దిగింది. నా వరస దగ్గర ఆగింది. పక్క గడిలోకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. అవతల ఎవరో తల గోక్కుంటున్నట్టుంది.

గడి పసుపు రంగుకి మారింది.